డి విటమిను ఉన్నవారికి నొప్పి లేదు

వాడని వస్తువుల పరిరక్షణ శాఖ అనేది ఒకటుందని జిల్లాలో చాలామందికి తెలియదు. అందులో పనిచేసేవాళ్లకే సెలవు రోజుల్లో గుర్తుండదు. ప్రభుత్వ కార్యాలయాల్లో విరిగిన కుర్చీలు, తలుపూడిన బీరువాలు, అక్షరాలు రాలిన టైపు మిషన్లు, రెక్క పోయిన ఫ్యాన్లు అన్నీ వచ్చి చేరేది అక్కడికే. చేరినవాటిని కంటికి రెప్పలా కాపాడటం శాఖ బాధ్యత. ఎవరి నుంచి కాపాడాలో మాత్రం ఏ ఉత్తర్వులోనూ లేదు.

ఆ శాఖకు ఒక గట్టి నియమం ఉంది. ఏ వస్తువైనా సరే, విరిగిందని పై నుంచి ధ్రువపత్రం వచ్చేదాకా విరగనట్టే లెక్క. మూడు కాళ్ల కుర్చీకి ధ్రువపత్రం రాలేదంటే దానికి నాలుగు కాళ్లూ ఉన్నట్టే. అందులో ఎవరో ఒకరు కూర్చోవాలి కూడా, మంచి కుర్చీని ఖాళీగా పెడితే ఆడిట్ వాళ్లు ఊరుకోరు. గోడకు వీపు ఆనించి, లేని కాలి వైపు తమ కాలు మోపి ఎట్లా కూర్చోవాలో కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారంలోనే నేర్పేవాళ్లు.

అట్లాంటి కుర్చీ ఒకటి మెట్ల మలుపులో ఉండేది. ఎక్కేవాళ్లు ఆయాసం తీర్చుకోవడానికని ఎవరో మహానుభావుడు వేయించాడు. దాని కాలు పోయిన సంగతి సిబ్బంది రాసి పంపితే, "కాలు ఎప్పుడు విరిగినది, ఎవరి సమక్షమున విరిగినది, విరుగుటకు ముందు అనుమతి తీసుకొనబడినదా" అని ఎదురు ప్రశ్నలు వేసి కాగితం వెనక్కి పంపించింది మన తిప్పేస్వామే.

తిప్పేస్వామి అక్కడ సూపరింటెండెంటు. మనిషి చెడ్డవాడు కాదు. నోటు రాయడంలో మాత్రం ఆయన్ను మించినవాడు జిల్లాలో లేడని ఆయన నమ్మకం. ఏం రాసినా చివర "ఇందుకు మినహాయింపులు లేవు" అని ముగిస్తే తప్ప ఆయనకు చెయ్యి ఆడేది కాదు. మంచినీళ్ల కుండ ఎక్కడ పెట్టాలనే సర్క్యులరుకు కూడా అదే ముగింపు. ఆ వాక్యం కింద సంతకం పెట్టినప్పుడు తాను కాస్త పొడుగైనట్టు అనిపించేదట. పొడుగయ్యేది అక్కడ మాత్రమే. మెట్ల దగ్గరికి వచ్చేసరికి వంగిపోయేవాడు.

ఎందుకంటే ఆయనకు నొప్పి. ఎక్కడ అని అడిగితే చెప్పడం కష్టం. పొద్దున నడుములో మొదలయ్యేది, మధ్యాహ్నానికి భుజాల్లోకి వచ్చేది, సాయంత్రం తొడల్లో దిగేది. ఏళ్ల తరబడి ఎక్స్‌రేలు తీయించాడు, స్కానింగులు చేయించాడు, కేరళ నూనెలు రాయించుకున్నాడు. అన్ని కాగితాలూ "అంతా బాగానే ఉంది" అన్నాయి. బాగాలేనిదల్లా తిప్పేస్వామే.

ఆయన సీటు పై అంతస్తులో. కింద కిటికీ పక్కన ఒక గది ఖాళీగా ఉండేది. దానికి మెట్లు లేవు, చల్లటి గాలి వచ్చేది. తనను ఆ గదిలోకి మార్చమని తిప్పేస్వామి అడగని డైరెక్టరు లేడు. అందరూ ఒక్కటే అడిగారు, "నొప్పి ఉన్నట్టు రిపోర్టు ఏదండీ?" అని. కుర్చీల విషయంలో తాను నేర్పిన చదువే కాబట్టి ఆయన అర్జీ మడుచుకుని మళ్లీ మెట్లెక్కేవాడు. వెనకాల గుమాస్తాలు నవ్వుకునేవాళ్లు. ఇంట్లో హంపమ్మ నవ్వేది కాదు గాని, "ఏమోనయ్యా, ఏ డాక్టరూ లేదంటాండాడు" అని నూనె రాసేది. ఆ మాటకు నూనె రాసినచోటే ఎక్కువ నొప్పి పుట్టేది ఆయనకు.

అట్లాంటి రోజుల్లో డాక్టర్ రేణుక రక్తపరీక్ష చేయించి, రిపోర్టులో ఒక అంకె కింద గీత గీసింది.

"డి విటమిను చానా తక్కువుండాది సార్. వారానికో మాత్ర వేసుకోండి, ఎముకలకు మంచిది. అయితే ఒక మాట. మీది ఏండ్లనాటి నొప్పి. దీనికి ఇదొక్కటే కారణమని అనుకోవద్దండి. విటమిను పెరిగినా నొప్పి పోకపోవచ్చు. పోకపోతే నొప్పి అబద్ధమని కాదు, దాని సంగతి వేరేగా చూసుకుందాం" అంది.

తిప్పేస్వామి "చానా తక్కువుండాది" దగ్గరే ఆగిపోయాడు. తర్వాతి మాటలు చెవిలో పడ్డాయి గాని లోపలికి పోలేదు. ఆయన చేతిలో రిపోర్టు ఉంది. అందులో నల్లటి అక్షరాలతో "లోపం" అని అచ్చు వేసి ఉంది. పదో తరగతి పాసైనప్పుడు కూడా ఆయనకు అంత ఆనందం కలగలేదు.

"చూడే, నేను అబద్ధం చెప్పలేదు. నాకు లోపముండాది" అన్నాడు ఇంటికి రాగానే.

హంపమ్మ కాగితం తిప్పి తిప్పి చూసింది. "లోపముంటే ఇంత సంబరమేందయ్యా? పాయసం చేయమంటావా ఏంది?" అంది.

నిజానికి చేయమందామనే అనుకున్నాడు.

మర్నాడు ఆయన రిపోర్టును డైరెక్టరు వేదమూర్తి గారి బల్ల మీద పరిచాడు. వేదమూర్తి గారు ఉపన్యాసం లేకుండా మంచినీళ్లు కూడా అడగలేని మనిషి. కళ్లజోడు సర్దుకుని ఆ అంకెను చాలాసేపు చూశారు.

"తిప్పేస్వామి గారూ, ఇంతకాలం నొప్పి అనేది నిరాధారమైన, నిరాకారమైన ఆరోపణగా ఉండిపోయింది. దాన్ని అంకెలోకి తెచ్చారు మీరు. అంకెలోకి వచ్చినదాన్ని పరిపాలించడం మన ధర్మం. మీరు తక్షణం కిందికి దిగండి. ఒక సర్క్యులరు తయారుచేయండి" అన్నారు.

తిప్పేస్వామి కిందికి దిగాడు. కిటికీ పక్కన కూర్చుని, చల్లగాలిలో, తన జీవితంలోకెల్లా గొప్ప సర్క్యులరు రాశాడు.

"ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికి తెలియజేయడమేమనగా, ఈ కార్యాలయ పరిధిలో నొప్పి అనగా డి విటమిను లోపము. లోపము ఉన్నచో నొప్పి ఉన్నట్లును, లోపము లేనిచో నొప్పి లేనట్లును పరిగణించబడును. నొప్పి ఉన్నవారికి కింది అంతస్తున స్థానమును, నొప్పి లేనివారికి పై అంతస్తున స్థానమును కల్పించబడును. ఇందుకు మినహాయింపులు లేవు."

దాన్ని టైపు చేసింది సీనియర్ అసిస్టెంటు ఖాసింబీ. మోకాళ్ల నొప్పులతో ఆమె కూడా ఏళ్లుగా ఆ మెట్లే ఎక్కుతోంది. మెట్లకు పట్టుకునే కమ్మీ ఒక పక్కనే ఉండేది. ఇద్దరూ ఒకేసారి ఎక్కాల్సి వస్తే కమ్మీ వైపు సూపరింటెండెంటు గారిది, గోడ వైపు ఆమెది. ఇదేమీ రాసిపెట్టిన ఉత్తర్వు కాదు, అట్లా జరిగిపోయేది.

"డాక్టరమ్మ ఇంకేమన్నా చెప్పిందా సార్?" అని అడిగింది ఖాసింబీ, టైపు ఆపి.

"చెప్పిందమ్మా. అయితే ఉత్తర్వులో పట్టదు" అన్నాడు తిప్పేస్వామి.

అప్పుడు మొదలైంది అసలు వేడుక. శాఖలో అందరికీ రక్తపరీక్షలు జరిగాయి. ఎండకు రాళ్లు పగిలే ఊళ్లో దాదాపు అందరికీ లోపమేనని తేలింది. తేలక ఏం చేస్తుంది? తెల్లవారకముందే బస్సెక్కి, పొద్దంతా ఇనప బీరువాల మధ్య కూర్చుని, చీకటి పడ్డాక దిగేవాళ్లాయె. కింది అంతస్తు కిక్కిరిసింది. పై అంతస్తులో మిగిలింది ఫైళ్లూ, ఒకే ఒక్క మనిషీ. ఒక్కో కిటికీకి ఇద్దరేసి సూపరింటెండెంట్లు, ఒక్కో బల్లకు నలుగురు గుమాస్తాలు. ఫైలు కావాలంటే పైకి పోవాలి, పైకి పోవాలంటే నొప్పి లేనివాళ్లు కావాలి, నొప్పి లేనిది ఆ ఒక్కరికే.

వేదమూర్తి గారు దీనికీ మార్గం కనిపెట్టారు. లోపాన్ని నిర్మూలిస్తే సరి. కార్యాలయం మొత్తాన్ని రోజూ మధ్యాహ్నం దాకా ఆరుబయట మిద్దె మీదికి తరలించి "సూర్యరశ్మి పరిపాలన" ప్రారంభించారు. సర్క్యులరు ప్రకారం లోపమున్నవాళ్లకు మెట్లు ఎక్కే పని లేదు కాబట్టి, బయటి గోడకు నిచ్చెన వేయించారు. నిచ్చెన గురించి సర్క్యులరులో ఏమీ లేదు.

ప్రారంభోత్సవం నాడు మిద్దె కాళ్లు పెట్టనిచ్చేటట్టు లేదు. గుమాస్తాలు మడమల మీద నిలబడి చప్పట్లు కొట్టారు. ఫైళ్లు ఎగిరిపోకుండా వాటి మీద విరిగిన టైపు మిషన్లు పెట్టారు. శాఖ చరిత్రలో వాడని వస్తువులు వాడకంలోకి వచ్చింది ఆ ఒక్కసారే.

"సూర్యుడు ఎవరి దగ్గరా దరఖాస్తు తీసుకోడు. ఆయన సేవలను మనం పద్ధతి ప్రకారం వినియోగించుకోవాలి" అని వేదమూర్తి గారు గొడుగు కింద నిలబడి చెప్పారు. గొడుగు ఆరోగ్యానికి కాదు, హోదాకు.

తిప్పేస్వామి పక్కనే నిలబడ్డాడు. నొప్పి నడుములోంచి మెడకు పాకుతోంది. అయినా మనసు నిండిపోయింది. తాను రాసిన వాక్యం వల్ల ఇంతమంది ఎండుతున్నారు కదా అని.

ఒక్క ఖాసింబీ మాత్రం మిద్దె ఎక్కలేదు. ఆమె రిపోర్టులో లోపం లేదు. సెలవు రోజుల్లో మిరపకాయలు ఎండబోసుకుంటుందో, బస్టాండు నుంచి నడిచే వస్తుందో, మొత్తానికి అంకె బ్రహ్మాండంగా ఉంది. కాబట్టి ఆమెకు నొప్పి లేదు. పై అంతస్తులో ఆమె ఒక్కతే మిగిలింది, అందరి ఫైళ్లూ ఆమే మోసింది.

వారం గడిచాక ఆమె తిప్పేస్వామి గది ముందు నిలబడింది. "మోకాళ్లు వాచినాయి సార్. నన్ను కూడా కింద ఏదో మూల కూర్చోనీయండి. మీకు తెలియంది కాదు గదా నొప్పంటే."

ఆ ఆఖరి మాట తిప్పేస్వామికి తగిలింది. తగిలిందని ఆయనకు తెలిసింది కూడా. అయితే చేతిలో కలముంది, ఎదుట కాగితముంది. "అర్జీదారురాలి రిపోర్టు పరిశీలించడమైనది. సదరు మోకాళ్లలో నొప్పి లేదని నిర్ధారించడమైనది" అని రాశాడు. ఆఖరి వాక్యం సంగతి చెప్పనక్కర్లేదు.

ఖాసింబీ చదువుకుంది. "బాగా రాసినారు సార్" అని, గోడ పట్టుకుని పైకి పోయింది. ఆ అడుగుల చప్పుడు పై మెట్టు దాకా తిప్పేస్వామికి వినిపించింది. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

మాత్రలు మాత్రం తమ పని తాము చేసుకుపోయాయి. రెండో పరీక్షలో తిప్పేస్వామి అంకె లోపం హద్దు దాటి పైకి పోయింది. శాఖలో లోపాన్ని జయించిన మొట్టమొదటి మనిషి ఆయనే.

వేదమూర్తి గారు సభ పెట్టించారు. శాలువా కప్పారు. "నొప్పి విముక్త ఉద్యోగి" అని రాసిన పటం చేతికిచ్చారు. తిప్పేస్వామి ఆ రోజు పొద్దున్నే రెండు నొప్పి మాత్రలు మింగి వచ్చాడు. సన్మానానికి లేవబోతే నడుము పట్టేసింది. ఇద్దరు గుమాస్తాలు చెరొక చంకా పట్టి లేపారు.

"ఆనందంతో ఆయన లేవలేకపోతున్నారు" అని వేదమూర్తి గారు మైకులో వివరించారు.

"సార్, ఒక మనవి. నొప్పి ఇంకా ఉండాది" అన్నాడు తిప్పేస్వామి, ఆయన చెవి దగ్గర.

"ఉండటానికి వీల్లేదండీ. మీ సర్క్యులరే. చాలా పకడ్బందీగా రాశారు, ఎక్కడా సందు లేదు. రేపటి నుంచి పై అంతస్తుకు వెళ్లండి" అన్నారు వేదమూర్తి గారు.

ఆ రాత్రి తిప్పేస్వామి తన సర్క్యులరును తానే ముందూ వెనకా చదివాడు. ఎక్కడో ఒక సందు ఉండకపోతుందా అని. లేదు. ఇంత బాగా రాసిన వెధవ ఎవడురా అని తనను తానే తిట్టుకున్నాడు. తిట్టుకుంటూ కూడా, వాక్యం మాత్రం కుదిరిందని ఒప్పుకున్నాడు.

ఇక మిగిలింది ఒక్కటే దారి, మళ్లీ లోపం తెచ్చుకోవడం. సెలవు పెట్టి, మాత్రలు మానేశాడు. ఎర్రటి ఎండాకాలంలో నిండు చేతుల చొక్కా, తలకు మఫ్లరు, పైన గొడుగు. వీధిలో కుక్కలు వెంటపడ్డాయి. చూస్తే మిగతా గుమాస్తాలదీ అదే వేషం. తిప్పేస్వామికి జరిగిన సన్మానం చూశాక ఎవరికీ ఆరోగ్యం మీద ఆశ మిగల్లేదు. మిద్దె మీద ఎండకు కూర్చోవాల్సిన సిబ్బంది బల్లల కింద దూరి ఫైళ్లు రాస్తున్నారు. వాళ్లను బయటికి లాగడానికి వేదమూర్తి గారు ఒక తనిఖీ దళాన్ని వేశారు. దళంలోని వాళ్లకూ లోపం కావాలి కాబట్టి వాళ్లు నీడపట్టునే తిరిగి తనిఖీ చేశారు.

తన దగ్గరికి వచ్చిన తిప్పేస్వామిని చూసి డాక్టర్ రేణుక తల పట్టుకుంది. "విటమిను తగ్గే మందు కావాల్నా? ముప్పై ఏండ్ల ప్రాక్టీసులో ఈ మాట వినలేదు సార్. ఎముకలు పాడుచేసుకుంటారా గది కోసం? మీ నొప్పి నిజమని నేను మొదటిరోజే చెప్పినా గదా. వ్యాయామం, నిద్ర, వేరే మందులు, చానా దారులుండాయి. చెప్తే వినకుండా ఎళ్లిపోయినారు."

"విన్నానమ్మా. ఉత్తర్వులో పట్టలేదు" అన్నాడు తిప్పేస్వామి, తల వంచుకుని.

ఇంటికి పోతే హంపమ్మ మఫ్లరు లాగేసి గొడుగు అటక మీద పడేసింది. "మాత్ర మింగు ముందు. కాగితం లేకుంటే నీకు నొప్పి లేదనుకుంటి ఇన్నేండ్లూ, నా బుద్ధి గడ్డి తిన్నది. రాత్రిళ్లు నువ్వు మూలిగేది ఏ రిపోర్టు చూసి మూలిగినావు?" అంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి తిప్పేస్వామి మాత్ర మింగాడు. అంటే, సెలవు చాలించి మర్నాడు మెట్లెక్కక తప్పదన్నమాట.

ఎక్కాడు. కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టుకూ ఒక్కో దేవుణ్ని తలుచుకుంటూ, మలుపు దాకా ఎక్కాడు. అక్కడ కళ్లు బైర్లు కమ్మాయి. ఎదురుగా కుర్చీ కనిపించింది. ఆ కుర్చీ చరిత్ర జిల్లాలో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అయినా నొప్పిలో మనిషికి కుర్చీయే కనిపిస్తుంది, కాళ్లు కనిపించవు. గోడకు ఆనుకోకుండా కూలబడ్డాడు. కుర్చీ ఒక పక్కకు, తిప్పేస్వామి ఇంకో పక్కకు.

చప్పుడుకు పై నుంచి ఖాసింబీ మోకాళ్లు పట్టుకుని దిగివచ్చింది. కింద నుంచి వేదమూర్తి గారు వచ్చారు. అక్కడే, మెట్ల మీదే విచారణ జరిగింది.

"కుర్చీకి విరిగినట్టు ధ్రువపత్రం ఉందా?" అన్నారు వేదమూర్తి గారు.

"లేదు సార్. నేనే తిప్పి పంపినా" అన్నాడు తిప్పేస్వామి, కింద పడి ఉన్నచోటి నుంచే.

"అంటే కుర్చీ మంచిది. మీ రిపోర్టు ప్రకారం మీరూ ఆరోగ్యవంతులు. మంచి కుర్చీలోంచి ఆరోగ్యవంతుడు పడటానికి కారణం ఏదీ లేదు. కారణం లేనిది జరగదు. కాబట్టి మీరు పడలేదు. ఆ మేరకు ఒక నోటు పెట్టండి. మీ అంత బాగా ఎవరూ రాయలేరు."

ఖాసింబీ ఆయనను లేపి గోడకు ఆనించింది. కాగితం, అట్ట, కలం తెచ్చి ఇచ్చింది. ఆమెకు ఆయన మీద కోపం ఉండాల్సింది. తాను ఆమె స్థానంలో ఉంటే నవ్వేవాణ్నని తిప్పేస్వామికి తెలుసు. ఆమె నవ్వలేదు.

"నొప్పిగా ఉండాదా సార్?" అని అడిగింది మెల్లగా.

ఇన్నేళ్లలో ఆ కార్యాలయంలో రిపోర్టు అడగకుండా ఆయనను ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే.

"ఉండాదమ్మా. మీకు?"

"నాకూ ఉండాది సార్."

"తెలుసమ్మా. మీ అర్జీ తిప్పిన పొద్దు కూడా తెలుసు" అన్నాడు.

అట్టను గోడకు ఆనించుకుని నిలబడే రాశాడు. "పై విషయము పురస్కరించుకొని విన్నవించుకొనునదేమనగా, మెట్ల మలుపున ఎవరునూ పడియుండలేదు. ఎవరికినీ నొప్పి లేదు." అంతటితో ఆపి, సంతకం పెట్టి ఇచ్చాడు.

వేదమూర్తి గారు చదివి, కాగితం వెనక్కి తిప్పి చూశారు. "మీ మామూలు వాక్యం ఏది? ఇందుకు మినహాయింపులు లేవు అన్నది?"

తిప్పేస్వామి నడుము మీద చెయ్యి వేసుకున్నాడు. పక్కన ఖాసింబీ మోకాళ్లు రుద్దుకుంటోంది.

"రాయలేను సార్. ఇద్దరం ఉండాం" అన్నాడు.

వేదమూర్తి గారు కాస్త ఆలోచించి, జేబులోంచి ఆకుపచ్చ సిరా కలం తీసి, ఆ వాక్యం తామే రాసుకుని కిందికి దిగిపోయారు. కుర్చీని ఎవరో మళ్లీ గోడకు ఆనించారు.

పై అంతస్తుకు ఇంకా సగం మెట్లు ఉన్నాయి. తిప్పేస్వామి కమ్మీ వదిలి గోడ వైపుకు జరిగాడు. "మీరు ఇటు రండమ్మా, పట్టుకోడానికి ఉంటాది" అన్నాడు. ఖాసింబీ ఒకసారి ఆయన ముఖంలోకి చూసి కమ్మీ పట్టుకుంది. ఒక్కో మెట్టూ ఆగి ఆగి, ఒకరి కోసం ఒకరు చూసుకుంటూ, నొప్పి లేని ఇద్దరూ పైకి ఎక్కారు.